క్రాన్‌ట్యాబ్‌లో ఒక్క హ్యాష్

సిస్లాగ్‌డీ నడవడం లేదు. దాన్ని పరీక్షించడానికి నేను రాసిన టెస్టులు మాత్రం 41కి 41 పాసయ్యాయి.

సాయంత్రం ఏడు దాటింది. ఆఫీసులో ఏసీలు ఆపేశారు. పచ్చగా మెరిసిన ఆఖరి లైను చూసుకుని బ్యాగు సర్దుకుంటుంటే పక్క విండో కంటపడింది. గంట క్రితం అక్కడే సిస్లాగ్‌డీని కంట్రోల్-సీ కొట్టి ఆపాను. మళ్లీ మొదలుపెట్టిన గుర్తు లేదు. ప్రాసెస్‌ల జాబితా తీసి వెతికాను. లేదు. ఇంకోసారి టెస్టులు నడిపాను. మళ్లీ 41. నాడి అందని మనిషికి "నిక్షేపంగా ఉన్నాడు" అని చీటీ రాసిచ్చిన డాక్టర్లా కూర్చున్నాను. ఆ చీటీలు ఎనిమిది నెలలుగా రోజూ రాస్తున్నాను.

ఈ పని తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. యూనిక్స్ కుటుంబంలోని సిస్టమ్‌లలో తెర వెనక ఎప్పుడూ నడుస్తుండే ప్రోగ్రాముల్ని డీమన్‌లంటారు. సిస్లాగ్‌డీ అలాంటిదే, గుమస్తా డీమన్. ఎవరు లాగిన్ అయ్యారు, ఏ డిస్కు మొరాయించింది, ఏ మెయిలు తిరుగుటపాలో వచ్చింది, అన్నీ మిగతా ప్రోగ్రాములు దీనికి చెబుతాయి. ఇది కాన్ఫిగ్ ఫైలు చూసి, కొన్ని మాటల్ని ఫైల్లో రాస్తుంది, కొన్నిటిని నెట్‌వర్క్ మీదుగా ఇంకో మెషీన్‌కి పంపుతుంది. 1980ల్లో బర్క్‌లీలో ఎరిక్ ఆల్మన్ తన మెయిల్ ప్రోగ్రాము సెండ్‌మెయిల్ కోసం చేసుకున్న ఏర్పాటు ఇది. పనికొస్తోంది కదా అని అందరూ తెచ్చుకున్నారు. ప్రతి మాట నెత్తిన ఒక అంకె ఉంటుంది: ఏ విభాగం నుంచి వచ్చిందో ఆ నంబరుని 8తో గుణించి, ఎంత తీవ్రమైనదో ఆ నంబరు కలిపితే వచ్చేది. విభాగం 4, తీవ్రత 2 అయితే 34. నా 41 టెస్టుల్లో సగానికి పైగా ఈ ఎక్కం సరిచూసేవే. ఎందుకంటే రాయడానికి అవే సులువు.

మా కంపెనీ తయారుచేసేది హాస్టళ్లకీ హోటళ్లకీ వైఫై ఇచ్చే పెట్టె. లోపల ఫ్రీబీఎస్‌డీ, యూనిక్స్ కుటుంబానిదే. అందులోని సిస్లాగ్‌డీకి మా అవసరాలకి తగ్గట్టు మార్పులు చేసే పని నాది. ఆ మార్పుల వల్ల పాతవేవీ చెడిపోలేదని చూసే రిగ్రెషన్ టెస్టులు రాసే పనీ నాదే. దొంగా నేనే, కానిస్టేబులూ నేనే.

ఆ ఏడాది నేను చేసిన మార్పు పెద్దదేం కాదు. లాగులు పంపాల్సిన ఒక్కో సర్వర్‌కీ విడిగా ఒక్కో సాకెట్, అంటే నెట్‌వర్క్ వైపు ఒక్కో కిటికీ, తెరిచి ఉంచుకునేలా రాశాను. టెస్టులు పాసయ్యాయి. రిలీజ్ వెళ్లిపోయింది. పది రోజులకి గుంటూరు వైపు ఒక కాలేజీ నుంచి ఫోను.

అక్కడి హాస్టళ్ల నెట్‌వర్క్ చూసే సార్‌కి రిటైర్మెంట్ దగ్గరపడింది. గొంతు పెంచని మనిషి. "ఏమ్మా, మా లాగ్ సర్వర్‌కి రాత్రి పన్నెండు తర్వాత ఒక్క లైను కూడా రావట్లేదు. పొద్దున మీ పెట్టె రీబూట్ చేస్తే మళ్లీ వస్తున్నాయి. మళ్లీ పన్నెండింటికి ఆగిపోతున్నాయి."

ఇప్పుడు ఈ వాక్యాలు తిరగేస్తుంటే సిగ్గేస్తుంది. రోగం ఏ గంటకి మొదలవుతుందో, ఏం చేస్తే తగ్గుతుందో, అన్నీ ఆయనే చెప్పాడు. నేను విన్నది "లాగులు రావట్లేదు" అన్నంతవరకే. వెంటనే నా పాఠం అప్పజెప్పాను: "సార్, ఇది యూడీపీలో వెళ్తుంది, 514 పోర్టు. దారిలో ప్యాకెట్ పడిపోతే పంపినవాడికీ తెలియదు, అందుకునేవాడికీ తెలియదు. అర్ధరాత్రి మీ దగ్గర బ్యాకప్‌లేవైనా నడుస్తున్నాయేమో, స్విచ్ మీద లోడ్ పడుతోందేమో చూడండి."

అందులో ఒక్క అబద్ధం లేదు. యూడీపీ గుణమే అంత. అందుకే అది అంత మంచి సాకు. తప్పు ఎవరిదైనా దాని మీద వేసెయ్యొచ్చు, అది ఎదురు చెప్పదు.

ఆయన రెండు రాత్రులు మేలుకుని బ్యాకప్ వేళలు మార్చాడు. సర్వర్ గదిలో కేబుళ్లు మార్చాడు. మూడో రోజు ఫోన్ చేసి, "స్విచ్ కూడా మార్చేశానమ్మా, పాతది తీసి స్టోర్లోది పెట్టాను. అయినా అంతే" అన్నాడు. కోపం లేదు గొంతులో. తనకేదో తెలియడం లేదన్న బెరుకు ఉంది. ఆ బెరుకు పెట్టింది నేను.

అప్పుడు మా లీడ్ "ఒకసారి నువ్వే చూడరాదూ" అంటే, టెస్ట్ మెషీన్ మీద డీమన్‌ని కేట్రేస్ కింద నడిపాను. అది చేసే ప్రతి సిస్టమ్ కాల్‌నీ రాసిపెట్టే పనిముట్టు కేట్రేస్. గంటసేపు చూస్తే పంపాల్సినవన్నీ పంపుతోంది. కంట్రోల్-సీ కొట్టాను. టెస్టులు నడిపి, ఆ పచ్చ లైను స్క్రీన్‌షాట్ తీసి సార్‌కి పంపుదామనుకున్నాను, మా వైపు అంతా బాగానే ఉందని. ఆ స్క్రీన్‌షాట్ కోసం నడిపినప్పుడే డీమన్ లేదని గమనించింది.

స్క్రీన్‌షాట్ అప్పటికే తీసేశాను. ఇప్పటికీ ఉంది నా దగ్గర.

ఇంతకీ చచ్చిన డీమన్ మీద టెస్టులు ఎలా పాసయ్యాయి? నా టెస్టు చేసేది ఇది. లాగర్ అనే కమాండ్‌తో "రిగ్రెషన్ టెస్ట్ మెసేజ్" అని ఒక మాట పంపుతుంది. రెండు సెకన్లు నిద్రపోతుంది. లేచి మెసేజెస్ ఫైల్లో ఆ మాట కోసం గ్రెప్ కొడుతుంది. దొరికితే పాస్. డీమన్ లేకపోయినా లాగర్ కిమ్మనదు. అది లోపల పిలిచే సిస్లాగ్ ఫంక్షన్ ఏ విలువా తిరిగివ్వదు, వాయిడ్. మాట అందిందో లేదో చెప్పే దారే పెట్టలేదు. పెట్టకపోవడానికి కారణం ఉంది: గుమస్తా సెలవులో ఉన్నాడని మెయిల్ సర్వర్ పని ఆపుకోకూడదు కదా. పంపడం ఎప్పుడూ సఫలమే. ఇక గ్రెప్‌కి మాట దొరికిందంటారా, నిన్నటి మాట దొరికింది. కాకపోతే మొన్నటిది. ఫైల్లో అదే వాక్యం వందల సార్లు ఉంది. ఒక్కసారి, ఎప్పుడో, డీమన్ సరిగ్గా పనిచేసింది. ఆ పుణ్యం మీద ఎనిమిది నెలలు నడిచాయి నా టెస్టులు. పాత పద్ధతి లాగ్ లైనులో నెల, తేదీ, సమయం ఉంటాయి గానీ సంవత్సరం ఉండదు. 2001లో ఆ వాడుకని కాగితం మీద పెట్టిన ఆర్‌ఎఫ్‌సీ 3164లోనూ లేదు. 2009లో వచ్చిన 5424లోనే సంవత్సరం చేరింది. నేను తేదీ సరిచూసే టెస్టు రాసి ఉన్నా, ఏడాది తిరిగొచ్చేసరికి నిరుటి లైను ఈనాటిదిగా చెల్లిపోయేది.

తర్వాతి ప్రశ్న అసలైనది. లాగ్ ఫైల్ని రోజూ అర్ధరాత్రి పక్కకి జరిపి కొత్తది పెట్టాలి కదా, ఎనిమిది నెలల లైన్లు ఒకే ఫైల్లో ఎలా పోగయ్యాయి?

క్రాన్‌ట్యాబ్ తెరిచాను. ఏ వేళకి ఏ పని నడవాలో రాసి ఉండే ఫైలు అది. అందులో లాగ్ ఫైళ్లని పక్కకి జరిపే న్యూసిస్లాగ్ లైను ముందు ఒక హ్యాష్ గుర్తు. హ్యాష్ ఉన్న లైనుని ఆ పనులు నడిపే క్రాన్ పట్టించుకోదు. పెట్టింది నేనే. పెట్టిన రోజు కూడా గుర్తొచ్చింది. టెస్టులు రాసిన కొత్తలో, రాత్రి పన్నెండుకి నడిచేది ఒక్కటి అప్పుడప్పుడు ఫెయిలయ్యేది. టెస్టు మాట పంపి నిద్రపోయిన ఆ రెండు సెకన్లలో న్యూసిస్లాగ్ వచ్చి ఫైలు పేరు మార్చేసేది. పొద్దున్నే ఎర్ర లైను, దాని కింద మేనేజరు ప్రశ్నార్థకం. "ఫ్లేకీ టెస్టు" అని ఒక ముద్దు పేరు ఉంది మాలో, ఎందుకు ఫెయిలయిందో చూసే ఓపిక లేనప్పుడు వాడేది. టెస్ట్ మెషీన్‌లో లాగులు తిప్పాల్సిన అవసరం ఏముందిలే అనుకుని, హ్యాష్ పెట్టి, టీ తాగడానికి వెళ్లాను.

న్యూసిస్లాగ్ ఫైలు పేరు మార్చి ఊరుకోదు. డీమన్ ఆ ఫైల్ని తెరిచిపెట్టుకుని ఉంటుంది. పేరు మారినా తన చేతిలోని పాత ఫైల్లోనే రాసుకుంటూ పోతుంది. కాబట్టి దానికి హప్ అనే సిగ్నల్ పంపాలి. టెలిఫోన్ లైను తెగిపోయిందని టెర్మినల్ ప్రోగ్రాములకి చెప్పడానికి పుట్టిన సిగ్నల్ అది. టెర్మినల్ లేని డీమన్‌లకి దాని అవసరం లేదు గనక, "అన్నీ మూసి మళ్లీ తెరువు" అనే అర్థంలో వాడటం అలవాటైంది. అంటే మా పెట్టెలున్న ప్రతి ఊళ్లోనూ రోజూ అర్ధరాత్రి సిస్లాగ్‌డీకి ఒక హప్ అందుతుంది. నా టెస్ట్ మెషీన్‌లో తప్ప.

హ్యాష్ తీసేశాను. అర్ధరాత్రి దాకా ఆగే ఓపిక లేక న్యూసిస్లాగ్‌ని బలవంతంగా నడిపాను. పక్క మెషీన్‌కి వెళ్తున్న లాగులు ఠక్కున ఆగిపోయాయి.

ఈసారి కేట్రేస్ రాసింది చూస్తే తప్పు కొట్టొచ్చినట్టు కనిపించింది. హప్ రాగానే నా కోడ్ సాకెట్‌ని మూస్తోంది. కానీ "ఇది తెరిచే ఉంది" అని గుర్తుపెట్టుకునే జెండాని దించడం లేదు. జెండా ఎగురుతోంది గనక మళ్లీ తెరవడం లేదు. అంతకన్నా సరదా ఏమిటంటే, మూసిన సాకెట్‌కి సిస్టమ్ ఇచ్చిన నంబరు 5. ఖాళీ అయిన నంబరుని సిస్టమ్ వెంటనే ఇంకొకరికి ఇచ్చేస్తుంది. కొత్తగా తెరిచిన మెసేజెస్ ఫైలుకి అదే 5 వచ్చింది. నా కోడ్ ఆ ఫైల్ని పట్టుకుని, గుంటూరుకి పంపమని అడుగుతోంది. పంపే కాల్ సెండ్‌టూ పక్కన ప్రతిసారీ ఎర్రర్ నంబరు, ఎర్నో 38: ఇది సాకెట్ కాదు మహాప్రభో అని సిస్టమ్ మొత్తుకుంటోంది. ఆ మొత్తుకోలు ఎవరికీ వినపడలేదు, ఎందుకంటే యూడీపీలో ఎర్రర్లు మామూలేనని, వాటిని మింగేసే లైను కూడా నేనే రాశాను.

సరిచేయడానికి ఒక్క లైను చాలింది. టెస్టులు తిరగరాయడానికి మూడు వారాలు పట్టింది, అందులోనూ తక్కువ తప్పులు చెయ్యలేదు.

మొదట ప్రతి మాటకీ ఆ పూట నంబరు, వరుస నంబరు తగిలించాను, నిన్నటిది ఇవాళ చెల్లకుండా. తర్వాత డీమన్‌ని కావాలని చంపి మొత్తం నడిపాను. అన్నీ ఫెయిలవ్వాలి. 35 అయ్యాయి. 6 పాస్. ఒళ్లు మండింది. చూస్తే అవన్నీ "ఈ మాట ఆ ఫైల్లోకి రాకూడదు" అని చూసే టెస్టులు. నిజమే, చచ్చినవాడు రాకూడనిదేదీ రాయడు. రాకూడని మాటతో పాటు రావలసిన మాట ఒకటి పంపి, రెండోది వచ్చాకే మొదటిది లేదని తీర్పు చెప్పేలా మార్చాక అవీ చచ్చాయి. దీనితో రెండు సెకన్ల నిద్ర గోలా వదిలింది: ఆఖరి మాట కనపడేదాకా ఆగడమే, గడియారంతో పని లేదు.

ఇంకో పరువు తక్కువ పని. ఒకే మాట వంద సార్లు పంపి, వంద లైన్లు ఉన్నాయో లేదో లెక్కపెట్టే టెస్టు రాశాను. రెండే వచ్చాయి. డీమన్ 98 మాటలు మింగేసిందని బగ్ ఫైల్ చేసి, నలుగురికీ మెయిల్ కొట్టాను. ఆ రెండో లైను ఏమిటో చదవలేదు. "లాస్ట్ మెసేజ్ రిపీటెడ్ 99 టైమ్స్" అని ఉంది అందులో. చెప్పిందే చెబుతుంటే గుమస్తా ప్రతిసారీ రాయడు, లెక్కపెట్టుకుని 30 సెకన్లకి ఒకసారి, ఆ తర్వాత 120కి, తర్వాత 600కి రాస్తాడు. యూనిక్స్ వాళ్లు ఏళ్ల తరబడి చూస్తున్న లైను. మెయిల్ వెనక్కి తీసుకోవడం కుదరలేదు.

అప్పుడే ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు తమ సిస్లాగ్‌డీకి రాసుకున్న రిగ్రెషన్ టెస్టులు చదివాను. పెర్ల్‌లో ఉంటాయి, సోర్స్‌తో పాటే ఎవరైనా చూడొచ్చు. అందులో మాట పంపేవాడు, డీమన్, అందుకునేవాడు, ముగ్గురూ టెస్టు చేతిలోనే ఉంటారు. నువ్వు పంపావా, నువ్వు చూశావా, నీకు అందిందా అని ముగ్గురినీ విడివిడిగా అడుగుతుంది. కేట్రేస్‌ని కూడా సాక్షిగా పిలుస్తుంది. హప్ ముందు ఒక మాట, హప్ తర్వాత ఒక మాట పంపి చూసేవి ఉన్నాయి. నాకు కొత్తగా తట్టినవనుకున్నవి చాలావరకు అక్కడ ఎప్పటి నుంచో ఉన్నాయి. నా టెస్టులు డీమన్‌ని పలకరించేది రెండు నిమిషాలే. ఎక్కం అప్పజెప్పించుకుని వదిలేసేదాన్ని. బయట అది నెలల తరబడి బతకాలి, రోజుకో హప్ తినాలి.

సార్‌కి ఫోన్ చేయడం రెండు రోజులు వాయిదా వేశాను. రిలీజ్ నోట్స్‌లో "లాగ్ ఫార్వర్డింగ్ మెరుగుపరిచాం" అని రాసి ఊరుకుందామనే ఆలోచన కూడా వచ్చింది. ఆ వాక్యం టైపు చేశాను కూడా. చివరికి చేశాను. "సార్, తప్పు మాది. నాది. మీ స్విచ్ బాగానే ఉంది. మీరు మొదటి రోజు పన్నెండు అన్నప్పుడే నేను వినాల్సింది" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు ఆయన. తర్వాత, "పోన్లెండమ్మా. ఆ వంకన కేబుళ్లన్నిటికీ లేబుళ్లు వేయించాను" అన్నాడు. అప్పటిదాకా లేని "అండి" వచ్చి చేరింది. దానికి ఏమనుకోవాలో తెలియలేదు.

కొత్త వెర్షన్ వేసిన రాత్రి పన్నెండింటికి ఇద్దరం ఫోన్లో ఉన్నాం, ఆయన సర్వర్ గదిలో, నేను కూకట్‌పల్లిలో మా వంటింట్లో. పన్నెండు అయ్యింది. ఆయన లైన్లు చదువుతున్నాడు. "లాగ్‌ఫైల్ టర్న్‌డ్ ఓవర్ అంది... పన్నెండూ సున్నా ఒకటి, వచ్చింది. ఇంకోటి వచ్చింది. వస్తున్నాయమ్మా." అండి పోయింది. ప్రాణం లేచొచ్చింది.

అంతలో ఆయనే, "ఇదేంటి, ఈ పిల్ల పేరు ఇలా వచ్చింది?" అన్నాడు.

పిల్లలు వైఫైకి రిజిస్టర్ అయ్యేటప్పుడు పేరు తెలుగులో కూడా రాసుకోవచ్చు. ఆ పేరు లాగ్‌లోకి వస్తుంది. "స ఉంది. తర్వాత ఏదో డబ్బా. ఆ తర్వాత ఇంగ్లీషు ఎం, అడ్డగీత, టోపీ లాంటి గుర్తు, మెయిల్ అడ్రసులో ఉండే ఎట్. చివర త. సీత అనుకుంటా."

తెలుగుకి టెస్టు ఉంది నా దగ్గర. కొత్తగా రాసిన వాటిలో నాకు బాగా గర్వంగా ఉన్నది అదే. అందులో పెట్టిన పేరు "రామ". పాసవుతోంది. డీమన్‌ని చంపితే ఫెయిలవుతోంది కూడా.

ఫోన్ పెట్టేసి లాప్‌టాప్ తెరిచాను. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు. ఫ్రీబీఎస్‌డీ సిస్లాగ్‌డీకి మైనస్ 8 అనే ఆప్షన్ ఇవ్వకపోతే, హెక్స్‌లో 80 నుంచి 9ఎఫ్ దాకా ఉన్న బైట్లని కంట్రోల్ క్యారెక్టర్లనుకుని ఎం, అడ్డగీత తగిలించి మార్చేస్తుంది. మూడో బైటు ఆ మధ్యలో పడిందా, అక్షరం గల్లంతు. కూర్చుని లెక్క వేశాను. ఠ నుంచి హ దాకా హల్లులు క్షేమం. దీర్ఘం, గుడి క్షేమం. అచ్చులన్నీ పోతాయి, సున్నా పోతుంది, క వర్గం, చ వర్గం, ట పోతాయి. గుడిదీర్ఘం నుంచి పొల్లు దాకా గుణింతమంతా పోతుంది. ర, దీర్ఘం, మ: మూడూ ఒడ్డునే ఉన్నాయి. ఉత్తరం మీద రాసినట్టు ముందు "శ్రీ" అని పెట్టినా దొరికిపోయేది. అందులో పొల్లూ ఉంది, గుడిదీర్ఘమూ ఉంది.

మైనస్ 8 చేర్చడానికి ఫైలు తెరిచి, ఆగాను. ముందు టెస్టులో రామ కింద "సీత" అని టైపు చేసి, ఏమీ సరిచేయకుండానే నడిపాను. ఎర్రగా వచ్చింది.